టేకు దుంగలు, గోనె పారాచూట్లు: బర్మా అడవి యుద్ధంపై మీ ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడిన కమాండో దళాల మీద గత సంచికలో వేసిన వ్యాసానికి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులే ఎక్కువగా స్పందించారు. చుట్టూ అడవి ఉన్నవాళ్లు గనుక ప్రశ్నలు కూడా లోతుగానే వచ్చాయి. ఆ వ్యాసం చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు: 1943 ఫిబ్రవరిలో బ్రిగేడియర్ ఆర్డ్ వింగేట్ సుమారు 3,000 మందితో చిండ్విన్ నది దాటి, జపాన్ సైన్యం వెనకవైపు అడవుల్లోకి చొరబడ్డాడు. 1944 మార్చిలో అదే పనికి మళ్లీ పూనుకున్నాడు. ఈసారి దళం బలం దాదాపు 20,000, అందులో ఎక్కువమంది వెళ్లింది గాలిదారిన. ఈ దళాలవాళ్లకే చిండిట్లు అని పేరు.

ప్రశ్న: టేకు డిపోల పనిచేసి రిటైరయిన. పికడిల్లీ అనే మైదానంల దుంగలు కనబడ్డయని గ్లైడర్లు దింపుడు ఆఖరి నిమిషంల మానుకున్నరని రాసిండ్రు. అడవిల, కూపుల కాడ దుంగలు పడి ఉండుడు మామూలే గద. గంతదానికే శత్రువు అడ్డం పెట్టిండని ఎట్ల అనుకున్నరు?
— ఒక పాఠకుడు, ఆలాపల్లి, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీరు చూస్తే ఒక్క క్షణంలో పట్టేసేవారు. అక్కడున్న సైన్యాధికారులకు ఆ వ్యవధి లేదు. 1944 మార్చి 5 సాయంత్రం అస్సాంలోని లాలాఘాట్ ఎయిర్‌ఫీల్డులో, ఇంకో విమానం లాగితే ఎగిరే గ్లైడర్లకు తాళ్లు కట్టి సిద్ధంగా ఉంచారు. గుట్టు బయటపడుతుందని, దిగబోయే మైదానాల మీద విమానాలు తిరగకూడదని వింగేట్ కట్టడి చేశాడు. అమెరికన్ ఎయిర్ కమాండో దళపతి కల్నల్ ఫిలిప్ కొక్రన్ ఆ మాట పక్కనపెట్టి, ఆఖరి పూట ఒక విమానం పంపి ఫొటోలు తీయించాడు. బయల్దేరడానికి అరగంట ముందు అవి చేతికొచ్చాయి. పికడిల్లీ మైదానమంతా మానులు అడ్డంగా పడి ఉన్నాయి. బ్రాడ్‌వే అని పేరు పెట్టుకున్న రెండో మైదానం మాత్రం ఖాళీగా కనిపించింది. పథకం ముందే శత్రువు చెవిన పడిందన్న అనుమానం సహజంగానే వచ్చింది. దాంతో అందర్నీ బ్రాడ్‌వేకి మళ్లించారు. ఆ మానులు బర్మా కట్టెపనివాళ్లు ఆరబెట్టుకున్న టేకు అని తర్వాత తేలింది.

పచ్చి టేకు నీళ్లలో తేలదని మీకు చెప్పక్కర్లేదు. బర్మాలో కలపంతా వాగుల్లో, నదుల్లో తేలి వెళ్లాల్సిందే. అందుకే చెట్టు మొదట్లో చుట్టూ బెరడు, దాని కింది తెల్ల చెక్క పట్టీలా చెక్కేసి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి, ఆ తర్వాత కొట్టేవారు. కొట్టిన మానుల్ని ఏనుగులతో బయలు జాగాకి ఈడ్పించి, వాగు పొంగేదాకా అక్కడే ఉంచేవారు. అడవి మధ్య అలాంటి బయలు జాగా దొరికితే కట్టెపనివాళ్లకు అదే డిపో, గ్లైడర్లవాళ్లకు అదే విమానాశ్రయం. ఇద్దరి కన్నూ ఒకే చోట పడడంలో కుట్రేమీ లేదు.

అసలు దెబ్బ దుంగలు లేని బ్రాడ్‌వేలో తగిలింది. అక్కడ మానులు లేవుగానీ, వాటిని ఈడ్చిన చాళ్లు ఉన్నాయి. పైన గడ్డి ఏపుగా పెరిగి వాటిని కప్పేసింది. నిలువుగా పైనుంచి తీసిన ఫొటోలో గడ్డి కొసలు సమంగా కనబడతాయి, అడుగున ఉన్న గుంట కనబడదు. వెన్నెల్లో దిగిన మొదటి గ్లైడర్ల చక్రాలు ఆ చాళ్లలో పడి ఊడిపోయాయి. గ్లైడర్‌కి ఇంజన్ లేదు, ఒకసారి కిందికి వంగితే మళ్లీ పైకి లేవలేదు. ముందు దిగినదాన్ని పక్కకు లాగేలోపే వెనకది వచ్చి దాన్ని గుద్దింది.

దీనికి తోడు ఒక్కో డకోటా విమానం రెండేసి గ్లైడర్లను లాగింది. గ్లైడర్లలోనేమో లెక్కకు మించిన బరువు, ఎవరికివారు నాలుగు తూటా పెట్టెలు ఎక్కువే వేసుకున్నారు. కొండల మీదికి రాగానే తాళ్లు తెగాయి. బయల్దేరినవాటిలో సగానికి కొంచెం పైన మాత్రమే చేరాయి, ముప్ఫై మంది దాకా చనిపోయారు. దిగిన బ్రిగేడియర్ మైక్ కాల్వర్ట్ రాత్రి ‘సోయా లింక్’ అనే సంకేతం పంపాడు. సైనికులకు బొత్తిగా గిట్టని సోయా సాసేజ్ పేరది, ఇక ఎవర్నీ పంపొద్దని అర్థం. తెల్లారాక ‘పోర్క్ సాసేజ్’ అని పంపాడు, అంటే రావచ్చని. గ్లైడర్లో వచ్చిన చిన్న బుల్డోజర్‌తో పగలంతా చాళ్లు పూడ్చారు. మార్చి 6 రాత్రికే డకోటాలు దిగాయి. వారం తిరిగేసరికి సుమారు 9,000 మంది మనుషులు, 1,300కు పైగా జంతువులు గాలిదారిన చేరాయి.

ప్రశ్న: గోనెగుడ్డతో పారాచూట్లు కుట్టారని రాశారు. మా చుట్టుపక్కల గోగునార, జనపనార పని చాలామందికి తెలుసు. అంత బరువు గుడ్డ గాలికి ఎలా ఆగింది? మనుషులు కూడా దానితో దూకేవారా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మనుషులు దూకలేదు. అది సరుకుల కోసమే. 1944 నాటికి బర్మా సరిహద్దులో పోరాడే పద్నాలుగో సైన్యానికి చాలావరకు తిండి ఆకాశం నుంచే రావాలి. పట్టు, నైలాన్ పారాచూట్లేమో యూరప్ యుద్ధానికే చాలడం లేదు. ఆ సైన్యాధిపతి జనరల్ విలియం స్లిమ్ కలకత్తా జనపనార మిల్లులవాళ్లని అడిగాడు. నేత, కొలత మార్చిమార్చి చూసి నెలలోపే పనికొచ్చేది ఒకటి తయారుచేశారు. గుడ్డే కాదు, తాళ్లూ జనపనారే. మామూలు పారాచూట్‌తో పోలిస్తే 85 శాతం పనితనం వచ్చిందని స్లిమ్ లెక్క. మామూలుది ఒక్కోటి 20 పౌన్లకు పైన పడితే, ఇది ఒక పౌను దగ్గర తేలింది. అడవిలో పడ్డ పారాచూట్లను ఏరి వెనక్కి పంపే దారి లేదు గనుక ఈ తేడా చిన్నది కాదు.

గాలికి ఆగడం సంగతికొస్తే, పారాచూట్‌కి గాలిని పూర్తిగా మూసేసే గుడ్డ పనికిరాదు. గాలి ఎక్కడో ఒకచోట తప్పుకోవాలి, లేకపోతే గొడుగు ఊగిసలాడి పక్కకు ఒరుగుతుంది. పట్టు పారాచూట్‌కి అందుకే నడినెత్తిన రంధ్రం ఉంటుంది. గోనె నేత సందుల్లోంచి గాలి దానంతటదే పోతుంది. చిక్కల్లా తడితోనే. తడిసిన జనపనార బరువెక్కుతుంది, మడతల్లో అంటుకుపోతుంది, వానాకాలంలో నిల్వ ఉంటే కుళ్లుతుంది. తెరుచుకోని గొడుగుతో నేరుగా కిందపడ్డ మూటలకు లోటు లేదు.

పారాచూట్ అసలే లేకుండా పడేసినవీ చాలా ఉన్నాయి. బియ్యం, జంతువుల దాణా ఆ రకం. వాటికి రెండు సంచుల పద్ధతి పెట్టారు. లోపలి సంచి నిండా బిగించి కుట్టకుండా కొంత ఖాళీ వదిలి, దాన్ని అంతకంటే పెద్ద సంచిలో వేసేవారు. నేలకు తగలగానే లోపలిది పగిలినా గింజలు బయటి సంచిలో నిలుస్తాయి. బిగించి కుడితే రెండూ పగులుతాయి. ఇలా పడే బస్తా ఎవరి మీదైనా పడితే ప్రాణం దక్కదు, అలా పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే విమానం చప్పుడు వినగానే మైదానం ఖాళీ చేసి చెట్ల చాటుకు పొమ్మనేవారు. ఆకలి మీద ఉన్నవాళ్లు ఆ మాట వినేవారు కాదు.

ప్రశ్న: ఒక్కో సైనికుడు వీపున ఎంత బరువు మోశాడు? సంచిలో ఏమేం ఉండేవి? ఎన్సీసీ క్యాంపులో పదిహేను కిలోలకే మా పని అయిపోతోంది.
— డిగ్రీ విద్యార్థి, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: సుమారు 30 కిలోలు, సరుకు అందిన రోజున ఇంకాస్త ఎక్కువ. మనిషి బరువులో దాదాపు సగం. రైఫిలు, 50 తూటాలు, బాయ్‌నెట్, మూడు గ్రెనేడ్లు, కత్తి. నేల మీద పరుచుకునే రబ్బరు గుడ్డ, మార్చుకునే చొక్కా, ప్యాంటు, నాలుగు జతల మేజోళ్లు, రబ్బరు బూట్లు, సూదీదారం, మెస్ టిన్ను. నీళ్లకు సీసాతో పాటు కాన్వాసు ఛాగల్, మన బస్సు డ్రైవర్లు ఒకప్పుడు బండికి వేలాడదీసుకునేవారే, అదే.

వీటన్నిటిలో చూడముచ్చటైన వస్తువు ఒక తాడు. ప్రతివాడి దగ్గరా దాదాపు ఆరడుగుల తాడు ముక్క ఉండేది. ఒక కొసన ఉచ్చు, రెండో కొసన అడ్డంగా కట్టిన కొయ్య పుల్ల. ఒకడి పుల్లను ఇంకొకడి ఉచ్చులో దూరిస్తే రెండు తాళ్లు ఒకటవుతాయి. పదిమంది కలిస్తే అరవై అడుగుల తాడు. వాగు దాటడానికి, గట్టు ఎక్కడానికి, స్ట్రెచర్ కట్టడానికి, తెప్పకు వెదుళ్లు బిగించడానికి అదే. ముడి వేయక్కర్లేదు గనుక చీకట్లోనూ తడి చేతుల్తోనూ పనవుతుంది.

తిండి 1943లో రోజుకు సుమారు 340 గ్రాముల గట్టి బిస్కెట్లు, 255 గ్రాముల ఎండుద్రాక్ష-బాదం, కాస్త జున్ను, పాలపొడి, టీ, చక్కెర, ఉప్పు. అంతా కలిపి కిలో కూడా కాదు. ఐదు రోజులకు సరిపడా ఒకేసారి మోసేవారు. అయితే ఆ యాత్రలో రోజుకో పూర్తి రేషను చొప్పున అందలేదు. విమానం రాకపోతే ఐదు రోజులది ఎనిమిది, పది రోజులకు సాగదీసుకున్నారు. 1944లో అమెరికన్ కె-రేషన్ వచ్చింది: రోజుకు మూడు డబ్బాలు, మూడూ మిగల్చకుండా తింటే దాదాపు 2,800 కేలరీలు. అది కొద్ది రోజుల పోరాటం కోసం చేసిన తిండి. కొండలెక్కుతూ 30 కిలోలు మోసేవాడికి 4,000కు పైగా కావాలి. నాలుగు నెలలు దానిమీదే నడిపితే ఏమవుతుందో ఈ లెక్కలోనే ఉంది. ఒంట్లో కండ కరిగింది, గీసుకున్న పుండ్లు మానలేదు, జ్వరం వస్తే లేవలేకపోయారు.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి. అప్పటి శిక్షకులు బరువును ఒక్కసారిగా ఎత్తించలేదు. దూరం, బరువు విడివిడిగా పెంచి, ఆ తర్వాతే రెండూ కలిపారు. బరువైన వస్తువు సంచి అడుగున పెడితే నడుం వెనక్కి లాగుతుంది. భుజాల మధ్య, వీపుకు ఆనుకుని ఉండాలి.

ప్రశ్న: కంచరగాడిదల గొంతు కోసి అరుపు ఆపారంటే నమ్మబుద్ధి కాలేదు. నిజమా? అడవి కమాండోలకు అసలు గాడిదలతో ఏం పని?
— ఒక పాఠకుడు, కాశీపురం, రాయగడ జిల్లా

జవాబు: నిజమే. గొంతు కోయడం కాదు, మత్తుమందిచ్చి స్వరతంత్రులు కత్తిరించారు. సైన్యంలోని పశువైద్యులు ఆ పని చేశారు. పుండు మానాక జంతువు నోరు తెరిచినా గాలి తప్ప కూత రాదు. ఒక కంచరగాడిద కూత నిశ్శబ్దమైన లోయలో ఎంత దూరం పోతుందో మీకు తెలుసు.

ఎందుకంటారా, సుమారు 400 మంది ఉండే ఒక్కో కాలమ్‌కి మూడంగుళాల మోర్టార్లు రెండు, వికర్స్ మెషిన్‌గన్లు రెండు, వాటి గుండ్లు, వైర్‌లెస్ సెట్టు ఉండేవి. వాటికి వందదాకా జంతువులు కావాలి. ఒక్కోటి 70 కిలోల పైన మోస్తుంది. వీటిలో వైర్‌లెస్ మోసేది అన్నిటికంటే ముఖ్యం. సెట్టు ఒకదాని మీద, బరువైన బ్యాటరీలు వేరేదాని మీద, వాటిని చార్జ్ చేసే పెట్రోలు ఇంజను ఇంకోదాని మీద. ఈ మూడింటిలో ఏది లోయలో పడినా, నదిలో కొట్టుకుపోయినా కాలమ్ మూగబోతుంది. మూగబోతే విమానానికి కబురు లేదు, కబురు లేకపోతే తిండి లేదు. చార్జింగ్ ఇంజను చప్పుడు కూడా గండమే, ఆగిన చోటు దూరానికి తెలిసిపోయేది. దాన్ని గుంటలోనో గట్టు వెనకో పెట్టేవారు.

1943లో ఐరావతి నది దాటి మరీ లోపలికి పోయాక వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చింది. అప్పుడు కాలమ్‌లను చిన్న గుంపులుగా విడగొట్టి, జంతువుల్ని వదిలేసి, బరువైన సామాను పారేశారు. వైర్‌లెస్ లేని గుంపులకు విమానం సరుకు ఆగిపోయింది. వెళ్లిన 3,000 మందిలో తిరిగొచ్చింది 2,182 మంది, వారిలో సుమారు 600 మంది మళ్లీ యుద్ధానికి పనికిరాలేదు. పోయినవారందరూ తూటాకే పోలేదు. ఆకలి, నదులు, జ్వరం, దారి తప్పడం, పట్టుబడడం... ఇవే ఎక్కువ.

నది దాటించడమే కంచరగాడిదతో అన్నిటికంటే కష్టం. ఈదగలదు, ఈదనంటుంది. గుంపుగా తోస్తే మధ్యదాకా వెళ్లి ఒకటి వెనక్కి తిరుగుతుంది, దాంతో అన్నీ తిరుగుతాయి. పడవ వెనక ఒకదాన్ని కట్టి ముందు నడిపిస్తే మిగతావి వెంట వస్తాయని నేర్చుకునేసరికి గంటలు పోయేవి. శత్రువు ఎదురుగట్టున ఉన్న చోట ఆ గంటలకు చాలా విలువ చెల్లించారు.

ప్రశ్న: మలేరియా పరీక్షలు చేస్తూ ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది. మందులు సరిగా లేని రోజుల్లో అంత సైన్యాన్ని జ్వరం నుంచి ఎలా కాపాడారు?
— ఆరోగ్య కార్యకర్త, మల్కాన్‌గిరి

జవాబు: మొదట కాపాడలేదు. 1943లో గాయాలతో ఒకరిని ఆస్పత్రికి తరలిస్తే, జబ్బులతో 120 మందిని తరలించాల్సి వచ్చింది. ఒక్క మలేరియానే ఏడాదికి సైన్యం బలంలో 84 శాతం మందికి సోకే రేటులో ఉండేది. క్వినైన్ దాదాపు అంతా జావా తోటల నుంచి వచ్చేది, 1942లో జావా జపాన్ చేతిలోకి పోయింది. మిగిలింది మెపాక్రిన్ అనే పసుపుపచ్చ మాత్ర. రోజుకొకటి, 100 మిల్లీగ్రాములు.

మాత్ర ఉన్నా మింగేవాడు లేడు. ఒళ్లు పసుపెక్కుతుంది, చేదు, మగతనం పోతుందన్న పుకారు. స్లిమ్ ఉపాయాలన్నీ మాని తనిఖీ పెట్టాడు. చెప్పాపెట్టకుండా ఒక దళంలో అందరి రక్తం పరీక్షించి, మందు ఆనవాలు 95 శాతం మందిలోనైనా లేకపోతే ఆ దళాధిపతిని తీసేశాడు. ముగ్గురిని తీసేసరికి మిగతావాళ్లు దారికొచ్చారు. పొద్దు వాలేముందే చేతులు కప్పే చొక్కా, పొడుగు ప్యాంటు తప్పనిసరి చేశారు. ముందుకు వెళ్లే దళాల వెంటే చికిత్స కేంద్రాలు పెట్టి, రోగిని వెనక ఊళ్లకు పంపి నెలలు పోగొట్టుకునే పద్ధతి మానారు.

మీకు బాగా తెలిసిన చిక్కు అక్కడా ఉంది. మెపాక్రిన్ ఇన్‌ఫెక్షన్‌ను ఆపదు, అణిచి ఉంచుతుంది. అడవి నుంచి బయటికొచ్చి, గండం గడిచిందని మాత్ర మానిన వారాల్లో దళాలకు దళాలే మంచాన పడ్డాయి. బర్మా కొండల్లో మలేరియా మోసే మినిమస్ దోమ, మీ వైపు ఫ్లూవియాటిలిస్ లాగే, మురుగులో కాదు, గడ్డి అంచులున్న తేట సెలయేటి నీళ్లలో పెరుగుతుంది. అలిసిన సైనికుడు బస చేయాలనుకునేది సరిగ్గా అక్కడే. నీళ్లు తెచ్చుకుని, ఏటికి దూరంగా పైగట్టున పడుకోమన్న ఆజ్ఞకు కారణం అదే, శత్రువు ఒక్కడే కాదు.

ఇంకొకటి స్క్రబ్ టైఫస్, గడ్డిలోని సన్నని నల్లి పిల్లల నుంచి వచ్చేది. ఇవాళ డాక్సీసైక్లిన్ ఉంది. అప్పుడు మందే లేదు, సోకినవారిలో చాలామంది చనిపోయారు. డైబ్యూటైల్ థాలేట్ అనే ద్రవాన్ని బట్టలకు, ముఖ్యంగా ప్యాంటు అంచులకు, నడుం పట్టీకి, చొక్కా బొత్తాల దారికి చేత్తో రుద్దేవారు. ఆ తర్వాత కేసులు తగ్గాయి.

ప్రశ్న: మా తాతగారి కాలంలో నిజాం రాజ్యం. బర్మా ఆరకాన్ తీరంలోని కాంగా యుద్ధంలో హైదరాబాద్ రెజిమెంటు ఉందన్నారు, అంటే మన తెలుగు, మరాఠ్వాడా వాళ్లేనా?
— ఒక పాఠకుడు, దెగ్లూరు, నాందేడ్ జిల్లా

జవాబు: పేరు చూసి అలా అనుకోవడం సహజమే, కానీ కాదు. నిజాం ఖర్చుతో బ్రిటిష్‌వాళ్లు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన పేరు 19వ హైదరాబాద్ రెజిమెంటుకు మిగిలింది. యుద్ధకాలానికి అందులో కుమావోనీలు, జాట్లు, అహీర్లే ప్రధానం. 1945 అక్టోబరులో దాన్నే కుమావోన్ రెజిమెంటుగా మార్చారు. నిజాం సొంత సైన్యం వేరు. అందులోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారూ ఎయిర్‌ఫీల్డు కాపలాలో ఉంది, జపాన్ దాడిలో మొదటి దెబ్బ తిన్నవాటిలో అదొకటి. అదే రంగంలో 4/19 హైదరాబాద్, అంటే ఆ 19వ రెజిమెంటులోని నాలుగో బెటాలియన్, కూడా ఉండడంతో పుస్తకాల్లో రెండింటినీ కలిపేస్తుంటారు.

కాంగాలో ఉన్నది 8/19 హైదరాబాద్, దాని అధిపతి కె.ఎస్. తిమ్మయ్య, తర్వాత భారత సైన్యాధిపతి అయినవారే. అదే 51వ బ్రిగేడులో ఎస్.పి.పి. థోరాట్, ఎల్.పి. సేన్ మిగతా రెండు బెటాలియన్లను నడిపారు. ముగ్గురూ భారతీయులే, ముగ్గురికీ డీఎస్‌ఓ అనే సైనిక పతకం వచ్చింది.

వాళ్లతో కలిసి పోరాడిన 3వ కమాండో బ్రిగేడు కథ ఇది. 1945 జనవరి 22న ఆరకాన్ తీరంలో మడ అడవుల మధ్య సన్నని పాయల గుండా పడవల్లో వెళ్లి దిగారు. జపాన్ సైన్యం వెనక్కి పోయే ఏకైక రోడ్డును కోయడం వాళ్ల పని. రోడ్డుకు కాపు కాసే గుట్ట పేరు హిల్ 170. అక్కడ ఆటుపోట్లే గడియారం. నీరు తీసినప్పుడు పడవ బురదలో కూర్చుంటుంది, మంచినీళ్లు కూడా పడవలోనే రావాలి. జనవరి 31 తెల్లవారకముందే జపాన్ సైన్యం గుట్ట ఉత్తరపు కొస మీద పడింది. వెదురు గడల కొసలకు పేలుడు మందు కట్టుకుని పరుగెత్తుకొచ్చి 19వ లాన్సర్స్ ట్యాంకుల మీద విరుచుకుపడ్డారు. 24 మందితో ఆ కొసను పట్టుకున్న లెఫ్టినెంట్ జార్జ్ నోలండ్ రెండంగుళాల మోర్టారును నేల మీద పెట్టే వ్యవధి లేక నడుం దగ్గర పట్టుకుని పేల్చాడు. అక్కడే చనిపోయాడు, విక్టోరియా క్రాస్ మరణానంతరం వచ్చింది. కమాండో చరిత్రల్లో ఈ గుట్టే ముందు పేజీల్లో ఉంటుంది. ఆ పక్క గుట్టల మీద అంతే నెత్తురు ధారపోసిన 51వ బ్రిగేడుకు రెండు వాక్యాలు దక్కుతాయి. మా ఉద్దేశంలో ఇది అన్యాయమే.

ప్రశ్న: అమెరికన్ కమాండోలు, మెరిల్స్ మారాడర్లు దేవగఢ్‌లో శిక్షణ పొందారట. అది మన ఒడిశా దేవగఢేనా?
— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: కాదు. లలిత్‌పూర్ దగ్గర బేత్వా నది ఒడ్డున ఉన్న దేవగఢ్. సుమారు 3,000 మంది అక్కడ శిక్షణ పొంది, 1944 ఫిబ్రవరిలో లెడో నుంచి నడక మొదలుపెట్టి, మే 17న మిచీనా ఎయిర్‌ఫీల్డును పట్టుకున్నారు. ఊరు మాత్రం ఆగస్టు 3 దాకా లొంగలేదు. మన చుట్టుపక్కల చెప్పుకోవాల్సింది ఛింద్వాడా. 1943 నుంచి 14వ భారత డివిజన్‌ను అక్కడే అడవి యుద్ధ శిక్షణ డివిజన్‌గా మార్చి, కొత్తగా చేరినవాళ్లకు రెండేసి నెలలు అడవి నేర్పి పంపారు. యుద్ధం గెలవడంలో ఈ పేరులేని బడి వాటా కమాండోల వాటాకు తక్కువేమీ కాదు.

ప్రశ్న: గాయపడ్డవాళ్లను అడవిలో ఏం చేసేవారు? నర్సుగా నాకు అదే ముందు తోచింది.
— ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: 1943లో నడవలేనివాణ్ని వదిలేశారు. దగ్గర్లో ఊరుంటే ఊరివాళ్లకు అప్పగించేవారు, లేకపోతే నీళ్ల సీసా, తుపాకీ ఇచ్చి చెట్టు కింద పెట్టేవారు. కారణం లెక్కే. స్ట్రెచర్ మీద ఒకరిని కొండదారిన మోయడానికి నలుగురు కావాలి, మార్చుకోడానికి ఇంకో నలుగురు. వాళ్ల సంచులు ఎవరు మోస్తారు? ఒక్కరు గాయపడితే, పదిమంది దాకా ఉండే ఒక సెక్షన్ మొత్తం పోరాటంలోంచి పోయినట్టే.

1944లో ఇది మారింది. ఎల్-1, ఎల్-5 అనే చిన్న విమానాలు వాగు ఇసుక మీద, గడ్డి కోసిన పొలంలో దిగి, ఒకరిద్దర్ని ఎక్కించుకుని పెద్ద స్ట్రిప్‌కు చేర్చేవి. అక్కడి నుంచి డకోటా. ఆ ఏప్రిల్ చివర్లో లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ వైఆర్-4బి హెలికాప్టర్లో, కూలిన చిన్న విమానపు పైలట్‌ను, గాయపడ్డ ముగ్గురు సైనికులను కాపాడాడు. యుద్ధంలో హెలికాప్టర్ ప్రాణాలు కాపాడడం అదే మొదలు. ఆ వేడికి, తేమకు దాని చిన్న ఇంజను ఒక్కరికంటే ఎక్కువమందిని ఎత్తలేకపోయింది. అందుకే ఒక్కొక్కర్నీ విడివిడిగా తెచ్చాడు, మధ్యలో ఇంజను వేడెక్కి ఆగాల్సి వచ్చింది. వానలు పడి స్ట్రిప్‌లు బురదయ్యాక, జూన్‌లో ఇండాజీ సరస్సు నీళ్ల మీద సండర్లాండ్ విమానాలు దిగి దాదాపు 500 మంది రోగుల్ని, క్షతగాత్రుల్ని తరలించాయి.

ప్రశ్న: ఇంత చేసి చిండిట్లు సాధించిందేమిటి? కొందరు గొప్పగా రాస్తారు, కొందరు తీసిపారేస్తారు.
— ఒక అధ్యాపకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: 1943 యాత్ర సైనికంగా చిన్నది. తెంపిన రైలు పట్టాలను జపాన్ కొద్ది వారాల్లోనే అతికించింది. అయితే ఆకాశం నుంచి తిండి వేస్తూ ఒక దళాన్ని అడవిలో నడపవచ్చని తేలింది. అటువైపు జపాన్ జనరల్ ముటగుచి కూడా ఒక పాఠం నేర్చుకున్నాడు, ఈ కొండలు దాటడం సాధ్యమేనని. 1944లో ఇంఫాల్ మీదికి సైన్యాన్ని నడిపాడు, మూడు వారాల తిండితోనే. వింగేట్ దగ్గర నేర్చుకున్న సగం పాఠం అది. రెండో సగం, విమానాలు, అతని దగ్గర లేదు. ఆ సైన్యం ఆకలితో కూలిపోయింది.

1944 యాత్రలో మౌలూ దగ్గర రైలుమార్గం మీద వేసిన వైట్ సిటీ అడ్డుకట్ట నిజంగా పనిచేసింది. ఉత్తరాన అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్‌తో పోరాడుతున్న జపాన్ 18వ డివిజన్‌కు సరుకు ఆగింది. మార్చి 24న మణిపుర్‌లో విమానం కూలి వింగేట్ చనిపోయాక మాత్రం దళాలను స్టిల్‌వెల్ కిందికి మార్చి, మామూలు కాల్బలంలా కోటల మీదికి తోశారు. ఫిరంగులు లేని, మూడు నెలలకే అనుకున్న మనుషుల్ని నాలుగైదు నెలలు ఉంచారు. మొగాంగ్ ఊరిని జూన్ చివర్లో 77వ బ్రిగేడు పట్టుకునేసరికి, రెండు వేల పైచిలుకులో నిలబడగలిగినవాళ్లు 300 దాకా మిగిలారు. తప్పు ఆ దళాల పద్ధతిది కంటే, వాటిని వాడినవాళ్లది ఎక్కువ అని మా అభిప్రాయం.

ప్రశ్న: దామనపల్లి ఘాటులో అల్లూరి దళం పన్నిన మాటు, తర్వాత బర్మాలో కమాండోలు పన్నినదీ ఒకటేనా?
— ఒక పాఠకుడు, చిత్రకొండ, మల్కాన్‌గిరి జిల్లా

జవాబు: మాటు సూత్రం ఒకటే, మిగతా అంతా వేరు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఇరుకుదారిలో ముందు నడుస్తున్న జట్టును పోనిచ్చి, వెనక వస్తున్న అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ముందు జట్టును వదిలేయడంలోనే కష్టమంతా ఉంది. చేతిలో తుపాకీ, పది గజాల్లో శత్రువు ఉండగా కాల్చకుండా కూర్చోవాలి. బర్మాలోనూ మాట్లు చెడిందల్లా అక్కడే. ఎవడో ఒకడు తొందరపడి పేల్చేవాడు, లేదా దగ్గేవాడు. అడవిలో చూపు ఇరవై గజాలు దాటదు గనుక రెండో అవకాశం ఉండదు. గ్రెనేడ్ విసిరినా వెదురుకు తగిలి విసిరినవాడి కాళ్ల దగ్గరికే వచ్చేది. అందుకే పొదల్లో దాన్ని పైకి కాక, కింది నుంచి దొర్లించడం నేర్పారు.

తేడా సరఫరాది. మన్యం దళానికి తూటాలు పోలీసు స్టేషన్ల నుంచి లాక్కున్నవే, అవి అయిపోతే తెచ్చుకునే దారి లేదు. తిండి మాత్రం ఊళ్ల నుంచి వచ్చేది. చిండిట్లకు తూటాలు ఆకాశం నుంచి పడేవి, ఊళ్లేమో అన్నిచోట్లా వాళ్లవైపు లేవు. మన్యం ఊళ్ల మీద పోలీసులు నిఘా పెట్టి తిండి దారి మూసేశాకే, మలబార్ స్పెషల్ పోలీసు, అస్సాం రైఫిల్స్ వల బిగించగలిగాయి.